లేబుల్ మీద బొట్టు

నా నోరు మంచిది కాదని ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో మా వాడకట్టు మొత్తం చెబుతుంది. అందులో అబద్ధమేం లేదు. టేపు వంకరగా అంటిస్తే అరుస్తాను. అట్టపెట్టె మూల నొక్కుకుపోతే అరుస్తాను. ప్రార్థన మధ్యలో ఎవరి ఫోనైనా మోగితే వెనక్కి తిరిగి కళ్లతోనే అరుస్తాను. అలాంటి దాన్ని, నిజంగా అరవాల్సిన ఒక్క రోజున నోరు కుట్టేసినట్టు నిలబడ్డాను. ఆ రోజు సంగతే ఇది. రాసుకుంటే బరువు తగ్గుతుందని మా చెల్లెలు అంది. నాకైతే ఆ నమ్మకం లేదు.

హైదరాబాద్ అవతల ఒక పెద్ద గోదాములో మూడేళ్లు పనిచేశాను. జనం ఫోన్లో చూసి కొనే వస్తువులు ముందు అక్కడికి చేరి, అక్కడి నుంచి ఇళ్లకు వెళతాయి. నా పని సరుకు దిగే గేటు దగ్గర. చెక్క పలకలతో చేసిన ప్యాలెట్ల మీద పెట్టెలు పేర్చి, చుట్టూ ప్లాస్టిక్ పొర చుట్టి పంపుతారు. ప్రతి ప్యాలెట్‌కూ నాలుగు వైపులా నాలుగు లేబుళ్లు, వాటి మీద నల్ల గీతలు. నా చేతిలో స్కానర్. అది కూత పెడితే సరుకు లోపలికి, పెట్టకపోతే పక్కకు. ఇంకోసారి చూస్తాం. అప్పటికీ చదవకపోతే లారీ తలుపు వేసి వెనక్కి పంపుతాం. డ్రైవర్లు బతిమాలేవాళ్లు. "లేబుల్ చదవకపోతే మేం తీసుకోలేం, ఏమనుకోకండి" అనేదాన్ని. రోజుకు ఎన్నిసార్లు అన్నానో, ఆ మాటకు ఇక నా గొంతులో ఏ భావమూ మిగల్లేదు. చివరికి నిలబడి నిలబడి నడుం పోయింది. సంచి సర్దుకుని మా ఊరికి వచ్చేశాను.

మా పక్కింటి అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. చుట్టరికం లేదు, గోడ ఒకటే మా మధ్య. ఆమె భర్తను నేను బావ అంటాను. పద్దెనిమిదేళ్లుగా ఆయన గల్ఫ్‌లోనే ఉన్నాడు. రెండేళ్లకోసారి వచ్చి, నెలన్నర ఉండి, మళ్లీ వెళ్లిపోతాడు. నేను ఊరికి తిరిగి వచ్చేసరికి అక్క ఐదుగురు ఆడవాళ్లను కూడగట్టి దీపం వత్తులు చేసే పని మొదలుపెట్టింది. ఒకప్పుడు పత్తి నిల్వ చేసిన పాత షెడ్డు, మూడు మిషన్లు, ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు వైపు నుంచి తెప్పించే దూది. పొడుగు వత్తులు, పువ్వొత్తులు చేసి చుట్టుపక్కల దుకాణాలకు వేసేవాళ్లు.

మాది మెథడిస్టు క్రైస్తవ సంఘం. నేను బొట్టు పెట్టుకోను. షెడ్డుకు వెళ్లిన మొదటి రోజే, మిషన్ దగ్గర కూర్చున్న ఒకామె నన్ను కిందికీ పైకీ చూసి అక్కను అడిగింది.

"గీమె చేత్తోని చేసిన వత్తి దేవుని ముందట వెడితె నడుస్తదా?"

అక్క తల కూడా ఎత్తలేదు. "చేన్ల పత్తి ఏరిన చేతులు ఎవ్వలియో ఎప్పుడన్న అడిగినవా? పని జూడు" అంది.

ఆ తరువాత ఆమె గానీ ఇంకొకరు గానీ ఆ మాట ఎత్తలేదు. ఆమె మనసులో కూడా ఉండి ఉండదు. ఊరికే నోటికొచ్చింది అడిగేసింది, అంతే. కానీ నేను దాన్ని పారేయలేదు. కొంగుకు ముడి వేసుకుని దాచుకున్నాను. వీళ్ల పూజల సంగతుల్లో నేను నోరు తెరవకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. మిషన్‌కు కొబ్బరికాయ కొడుతుంటే ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లేదాన్ని. ముక్క ఇస్తే తినకుండా దూది మూటల వెనక పెట్టేదాన్ని. ఎవరూ చూడరనుకున్నాను. అక్క చూసింది. తరువాతి శుక్రవారం నన్ను పక్కకు పిలిచి ఒక చిప్ప చేతిలో పెట్టింది.

"గిది నీది. వంటింట్ల వేరే కొట్టిన. దేవునికి జూపియ్యలే. తిను."

ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం రెండు కొబ్బరికాయలు. ఒకటి మిషన్‌కు, ఒకటి నాకు. ఇంత చేసిన మనిషి గురించి నేను ఏమనుకున్నానో ముందు ముందు చెప్పాలి. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

ఒక వ్యాపారి హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఆన్‌లైన్‌లో పూజ సామాను అమ్ముతాడు. మా వత్తులు చూసి, చేత్తో సాగదీసి, ముట్టించి చూసుకుని తృప్తి పడ్డాడు. ప్యాలెట్లు కట్టి గోదాముకు నేరుగా పంపగలిగితే ప్రతి నెలా తీసుకుంటానన్నాడు. మొదటి లోడు మాత్రం వంక లేకుండా దిగాలని, అది దిగితేనే మిగతా మాటలని చెప్పాడు. అక్క నా వైపు తిరిగింది. "మా చెల్లె గా గేటు కాడనే పని జేసింది. ఆమెకు అన్ని ఎర్కనే" అంది. నాకు ఛాతీ ఉబ్బింది.

అక్కకు ఆ లోడు వెనక ఇంకో లెక్క ఉంది. బావ కంపెనీ కాగితం ఆ నెలాఖరుతో ముగుస్తుంది. మరో రెండేళ్లకు సంతకం పెట్టాలో, పెట్టె సర్దుకోవాలో ఆయన నెలాఖరు లోపలే తేల్చాలి. అక్క ఆయనకు ఫోన్లో చెప్పేసింది.

"లోడు మంచిగ దిగిందనుకో, నువ్వు అచ్చెయ్యి. మిషిన్లు నువ్వు జూసుకో, లెక్కలు నేను జూస్త. పద్దెనిమిదేండ్లల్ల మనం కల్సి ఉన్నయి తీస్తె రెండేండ్లు గూడ గావు."

రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు బావ వీడియోలో వచ్చేవాడు. అక్క ఫోన్ తిప్పి షెడ్డంతా చూపించేది. ఆయన మిషన్ చప్పుడు విని, ఎడమ వైపు దానికి నూనె తక్కువైందని అక్కడి నుంచే చెప్పేవాడు. వచ్చాక ఎక్కడ కూర్చుంటాడో కూడా చూసుకున్నాడు. కిటికీ దగ్గర, గాలి తగిలే చోట. ఆ చోట ఏమీ పెట్టకుండా అక్క ఊడ్చి ఉంచింది.

పది రోజులు నా రాజ్యం నడిచింది. కరీంనగర్ నుంచి గట్టి అట్టపెట్టెలు తెప్పించాం. ఒక పెట్టెలో ఒకే రకం ఉండాలన్నాను. పెట్టె అంచు ప్యాలెట్ దాటి వేలెడు కూడా బయటికి రాకూడదన్నాను. బరువైనవి కింద, తేలికవి పైన. ఎత్తు నా భుజం దాటకూడదు. ప్లాస్టిక్ పొర కింది నుంచి మొదలుపెట్టి, చెక్కను కూడా కలిపి చుట్టాలి, లేకపోతే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మొత్తం పక్కకు ఒరుగుతుంది. వాళ్లు ఒకటికి రెండుసార్లు చేసేవాళ్లు. నేను మూడోసారి విప్పించేదాన్ని. "నీ నోరు పాడుగాను, నువ్వు మా అత్తకన్న ఎక్కువున్నవ్" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నా బతుకులో అంత బాగున్న రోజులు మళ్లీ రాలేదు.

ప్యాలెట్ అనే మాట వాళ్లకు నచ్చలేదు. దాన్ని పీట అన్నారు. చూడటానికి అలాగే ఉంటుంది మరి. "పెద్ద పీట తే, చిన్న పీట జరుపు" అనుకుంటూ పని చేశారు. మొత్తం నాలుగు పీటలు తయారయ్యాయి. పదహారు లేబుళ్లు షెడ్డులోని చిన్న ప్రింటర్ మీద వేశాను. పాత అలవాటు కొద్దీ ఇంకో పదహారు అదనంగా వేసి నా బల్ల సొరుగులో పెట్టాను. ఒక్కో లేబులూ ముడత లేకుండా, మూల మీదికి మళ్లకుండా, ప్లాస్టిక్ పొర మీద అరచేత్తో నిమిరి అంటించాను. ప్రతిదీ నా ఫోన్లో చదివించి చూశాను. పదహారూ చదివాయి.

లారీ పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. డ్రైవర్ మహారాష్ట్ర వైపు మనిషి. గోదాములో మరుసటి రోజు పదకొండు గంటలకు మాకు సమయం ఇచ్చారు. డ్రైవర్ టీ కూడా కూర్చుని తాగలేదు. "చలా తాయీ, లవకర్" అని తొందరపెడుతున్నాడు. పాత పత్తి షెడ్డు కాబట్టి అరుగు లారీ ఎత్తుకు సరిగ్గా ఉంది. కింద దూర్చి పైకెత్తే జాకీ బండితో పీటలను అరుగు అంచు దాకా లాగాం. అప్పుడు అక్క ఇంట్లో నుంచి పళ్లెం పట్టుకుని వచ్చింది. తడిపిన పసుపు, కుంకుమ, నాలుగు పూలు.

"పీట మీద కూసున్నదాన్ని బొట్టు లేకుంట పంపుతమా?" అంది నవ్వుతూ.

ఇందులో ఆమె తప్పేం ఉంది? పీట మీద కూర్చోబెట్టింది పిల్లనైనా పెద్దనైనా, పసుపు కుంకుమ లేకుండా ఈ ప్రాంతంలో ఎవరూ లేపరు. ఇంటి నుంచి మొదటిసారి బయలుదేరే లోడు అది. నేను రశీదు కాగితాల మీద సంఖ్యలు సరిచూస్తూ నిలబడ్డాను. అక్క ముందు ప్లాస్టిక్ పొర మీద పెట్టింది. తడి పసుపు ఆ నున్నటి పొర మీద ఆగలేదు, కిందికి జారింది. కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. ఒక్క క్షణం ఆగి చుట్టూ వెతికింది. పసుపు పట్టే చోటు అక్కడ ఒక్కటే ఉంది, తెల్ల కాగితం. లేబుల్ మధ్యలో, నల్ల గీతల మీద, బొటనవేలితో గుండ్రంగా దిద్దింది. కాగితం పసుపును చక్కగా పీల్చుకుంది. దాని మీద కుంకుమ పెట్టింది. "గీడ మంచిగ పడుతంది" అంది. మిగతా ఆడవాళ్లు పళ్లెం చుట్టూ చేరి, నాలుగు పీటలకూ ఒక్క లేబులూ వదలకుండా పెట్టుకుంటూ పోయారు. ఒకరు ఒక బొట్టుతో ఆపలేదు, మూడు పెట్టారు.

నేను చూస్తూ ఉన్నాను.

నాకు తెలియదని ఎవరైనా అంటే నేనే నమ్మను. గీత తెగితే స్కానర్ చదవదు. మూడేళ్లు నేను తిన్న అన్నం ఆ ముక్కతోనే తిన్నాను. "అక్కా, కాగితం మీద వద్దు, చెక్క మీద పెట్టు" అంటే చాలు. ఏడు మాటలు. అనబోయాను కూడా. సరిగ్గా అప్పుడే, మొదటి రోజు నన్ను అడిగిన ఆమె పళ్లెం పట్టుకుని నా వైపు చూసింది. నా వెనక ఉన్న పీటకు బొట్టు పడిందో లేదో చూసిందేమో. నేను మాత్రం ఆ చూపులో పాత ప్రశ్న చదువుకున్నాను. బొట్టు వద్దంటే ఈమె దేవుడు ఒప్పుకోడు కాబట్టి వద్దంటోంది అనుకుంటారు. మొదటి లోడుకు అడ్డం పడ్డానంటారు. నా గొంతు అక్కడే ఆగిపోయింది. టేపు కోసం ఊరు లేచిపోయేలా అరిచే గొంతు.

ఆరిపోతే చదువుతుందిలే అనుకున్నాను. నాలుగు వైపుల్లో ఒకటైనా చదవదా అనుకున్నాను. ఫోన్ చేతిలోనే ఉంది, తీసి చూస్తే తెలిసిపోయేది. తెలుసుకోవడం ఇష్టం లేక తీయలేదు.

"చెల్లె, అంత మంచిగనే ఉన్నది గద?" అని అక్క అడిగింది.

"మంచిగున్నది అక్కా" అన్నాను.

లారీ కదిలింది. అక్క ఫోన్ ఎత్తి బావకు చూపించింది. "నా చెల్లెండ్లు, ఎంత ముద్దుగ జేసిన్రు" అన్నాడు ఆయన నవ్వుతూ. ఆయన వెనక మంచం మీద సగం సర్దిన పెట్టె తెరిచి కనిపించింది.

అందరూ టీ పెట్టుకున్నారు. నేను నా బల్ల దగ్గర కూర్చుని సొరుగు తెరిచాను. పదహారు తెల్ల లేబుళ్లు శుభ్రంగా ఉన్నాయి. లారీ ఇంకా నేరడిగొండ దాటి ఉండదు. డ్రైవర్‌కు ఫోన్ చేసి రోడ్డు పక్కన ఆపమని, ఆటో ఎక్కి వెళితే, ఇవి అంటించడం పావుగంట పని. అక్కడ చూసేవాళ్లు కూడా ఎవరూ ఉండరు. ఆ మాట నాకు తట్టింది. కానీ బొట్టు ఉన్న కాగితాన్ని నా చేత్తో పీకి పారేయాలి. డ్రైవర్ ఎప్పుడో ఎవరికో చెబుతాడు. అలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ సొరుగు మూసేశాను. సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని, ఆ లేబుళ్లను చదివించమని ప్రార్థన చేశాను. నా చేతిలో ఉన్న పనిని దేవుడి నెత్తిన వేశాను. అంత సిగ్గుమాలిన ప్రార్థన నేను జన్మలో చేయలేదు.

మరుసటి రోజు పదకొండున్నరకు డ్రైవర్ ఫోన్ చేశాడు. "తాయీ, స్కాన్ హోత్ నాహీ. మాల్ పరత్ జాయ్‌లా సాంగ్తాత్" అన్నాడు. లేబుళ్లు చదవడం లేదు, సరుకు వెనక్కి తీసుకుపొమ్మంటున్నారు. గేటు దగ్గర ఎవరున్నారో ఇవ్వమన్నాను. ఒక అమ్మాయి గొంతు వినిపించింది. అలసిపోయిన గొంతు, చిన్నపిల్ల.

"మేడమ్, లేబుల్ చదవకపోతే మేం తీసుకోలేం. ఏమనుకోకండి."

నా మాట. అక్షరం పొల్లు పోకుండా నా మాటే. నేను బతిమాలాను. కొత్త లేబుళ్లు ఫోన్లో ఇప్పుడే పంపిస్తాను, అక్కడే ముద్రించి అంటించుకోనివ్వండి అన్నాను. గేటు లోపల అంటించనివ్వరని, బయటికి వెళ్లి మళ్లీ సమయం తీసుకోవాలని చెప్పింది. నాకు తెలిసిన జవాబే. మళ్లీ సమయం అడిగితే పన్నెండు రోజుల తరువాత దొరికింది. అన్ని రోజులు లారీ ఆగదు. వ్యాపారికి ఫోన్ చేస్తే కోప్పడలేదు. "మొదటిదే ఇట్లయితే నాకు కష్టమమ్మా" అని మర్యాదగా పెట్టేశాడు. నాలుగు రోజుల్లో ఇంకెవరికో ఇచ్చాడని తెలిసింది.

లారీ తిరిగి వచ్చిన రోజు నాలుగు పీటలనూ మళ్లీ అదే అరుగు మీదికి దించాం. పసుపు ఎండి పెళుసు కట్టింది. కుంకుమ చెమ్మకు గీతల మీదుగా కారి ఆగింది. అక్క ఒక లేబుల్ మీది పసుపును గోటితో గీకి చూసింది.

"గీ బొట్టు పెట్టినందుకేనా?"

"అవునక్కా."

"నీకు గప్పుడే ఎర్కనా?"

తెలియదని ఉండొచ్చు. నమ్మేది. ఆమె నన్ను ఎప్పుడూ నమ్ముతుంది. కానీ ఇంకో అబద్ధానికి నాలో సత్తువ లేదు.

"ఎర్కనే."

"మరి జెప్పకపోతివి?"

"బొట్టు వద్దంటె... నేను గుడికి పోనిదాన్ని గాబట్టి అంటున్న అనుకుంటరని."

అక్క కోప్పడితే బాగుండేది. నా చెంప పగలగొట్టినా బాగుండేది. ఆమె ఆ రోజు బొట్లు పెట్టిన చేతినే ఒకసారి చూసుకుని, నెమ్మదిగా అంది.

"చెప్తే నేనే తుడుద్దును గదనే. నీకు రెండో కొబ్బరికాయ కొట్టినదాన్ని. నన్ను గట్లనుకున్నవా?"

ఆమె నన్ను ఒక్కనాడూ వేరుగా చూడలేదు. వేరుగా చూసింది నేను. ఎవరో ఒకసారి అడిగిన ప్రశ్నను తెచ్చి ఆమె మొహానికి అంటించాను.

నెలాఖరుకు రెండు రోజుల ముందు ఆమె బావతో మాట్లాడుతుంటే గోడ ఇవతల వినిపించింది. "పెట్టు సంతకం. రెండేండ్లే గద. ఎట్లనో గట్ల వెళ్తయి" అంటోంది. ఆయన ఏమన్నాడో వినిపించలేదు. కొంతసేపటికి, "ఆమెనేం అనకు. ఫికర్ చెయ్యకు, నేను మంచిగనే ఉన్న" అంది. ఆమె అంటే నేనే.

షెడ్డు ఒక్కసారిగా మూతపడలేదు. దుకాణాలకు కొన్నాళ్లు వేశాం. పత్తి ఏరే రోజులు రాగానే ఒక్కొక్కరే కూలికి వెళ్లిపోయారు. మిషన్ల మీద పాత చీర కప్పారు. కిటికీ దగ్గర బావ కోసం ఊడ్చిన చోట ఇప్పుడు ఖాళీ పీటలు నిలబెట్టి ఉన్నాయి. అదనపు లేబుళ్లు సొరుగులోనే ఉన్నాయి. పారేద్దామని రెండుసార్లు తీసి మళ్లీ పెట్టేశాను.

అక్క నాతో మాట్లాడటం మానలేదు. కూర చేస్తే గోడ మీదుగా గిన్నె అందిస్తుంది. షెడ్డు మూతపడ్డా శుక్రవారం రెండో కొబ్బరికాయ ఆపలేదు. ప్రతిసారీ తీసుకుంటాను.

మొన్న బావ పంపిన డబ్బుతో అక్క ఫ్రిజ్ కొంది. అట్ట విప్పాక, గోడ మీదుగా నన్ను పిలిచింది. వెళ్లేసరికి ఒక చేతిలో పసుపు గిన్నె పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. తలుపు మీద కంపెనీ వాళ్లు అంటించిన తెల్ల కాగితం, దాని అడుగున చిన్నగా నల్ల గీతలు.

"చెల్లె, గీడ బొట్టు వెడితె ఏం గాదు గద? జర చూసి చెప్పు."

తన ఇంట్లో, తన వస్తువుకు బొట్టు పెట్టుకోవడానికి ఆమె నన్ను అడుగుతోంది. ఎగతాళికి కాదు. నిజంగానే భయపడి అడుగుతోంది.

"ఏం గాదక్కా. ఏడన్న పెట్టు" అన్నాను.

ఆమె నమ్మలేదు. కాగితానికి జానెడు దూరంగా జరిగి, నున్నటి తలుపు మీద బొటనవేలు ఆనించింది. పసుపు ఆగలేదు, కిందికి జారింది. కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.